ఫోను ఆగిపోతే తప్పు ఎవరిది?

పలాసలో జీడిపప్పు ఒలిచే అప్ప ఒకామె ఉందనుకుందాం. కొడుకు చెన్నైలో పనికి వెళ్ళాడు. భర్తకు కిడ్నీ జబ్బు. డయాలసిస్‌కు వెళ్ళడానికి ఆటో పిలవాలన్నా, కొడుకు పంపిన డబ్బు బ్యాంకులో పడిందో లేదో చూడాలన్నా ఫోనే దిక్కు. అది అప్పుచేసి కొన్న ఫోను.

ఒక రాత్రి ఫోనులో “అప్‌డేట్ చేయండి” అని వచ్చింది. అప్ప కూడబలుక్కుని చదివింది. నొక్కింది. తెల్లారేసరికి ఫోను లేవలేదు. నల్లటి తెర మీద కంపెనీ పేరు ఒక్కటే వెలుగుతోంది.

కాశీబుగ్గలో కొట్టుకు తీసుకెళ్ళింది. “గ్యారంటీ దాటిపోయిందమ్మా, మేమేటి సేస్తాం?” అన్నాడు కొట్టువాడు.

ఆమె ఫోనును కింద పడేయలేదు. నీళ్ళలో తడపలేదు. కంపెనీ చెప్పినట్టే చేసింది. మరి తప్పు ఎవరిది?

ఫోను పనిచేయాలంటే లోపల కంటికి కనబడని ఆజ్ఞలు ఉండాలి. వాటినే సాఫ్ట్‌వేర్ అంటారు. కంపెనీ వాటిని మార్చి ఇంటర్‌నెట్ ద్వారా పంపితే అదే అప్‌డేట్. టీవీలకు కూడా ఇలాగే వస్తుంది. అప్‌డేట్ చెడ్డది కాదు. దొంగలు చొరబడే కంతలను అది మూస్తుంది. కానీ కొత్త ఆజ్ఞల బరువును పాత ఫోను మోయలేకపోవచ్చు. ఆజ్ఞల్లోనే తప్పు ఉండవచ్చు.

ఇటలీ దేశంలో ఇదే తగువు వచ్చింది. పాత ఫోన్లకు సరిపడని అప్‌డేట్లు వేసుకోమని జనాన్ని ఒత్తిడి చేశారని 2018 అక్టోబరులో అక్కడి ప్రభుత్వ సంస్థ జరిమానా వేసింది. ఆపిల్‌కు 1 కోటి యూరోలు, శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు. యూరో అంటే అక్కడి డబ్బు.

మనకూ చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం. 2020 జూలై నుంచి అమలులో ఉంది. వస్తువులో లోపం ఉంటే బాగుచేయమని, మార్చి ఇమ్మని, లేదా డబ్బు తిరిగి ఇమ్మని అడగవచ్చు. నష్టపరిహారం కూడా అడగవచ్చు. “అప్‌డేట్ ఉచితంగా పంపాం” అని కంపెనీ అనవచ్చు. ఫోను ఉచితంగా ఇవ్వలేదు కదా!

ముందు 1915 నంబరుకు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. వాళ్ళు తీర్పు చెప్పరు, మీ మాట కంపెనీకి చేరవేస్తారు. అక్కడ తేలకపోతే శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఏ ఊళ్ళో ఉన్నా, మీరు టెక్కలిలో ఉన్నా, ఉద్దానం పల్లెలో ఉన్నా ఫిర్యాదు అక్కడే ఇవ్వవచ్చు. లాయరు లేకపోయినా పరవాలేదు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లోపం బయటపడిన 2 ఏళ్ళ లోపల ఫిర్యాదు చేయాలి.

చిక్కు ఎక్కడంటే, అప్‌డేట్ వల్లే ఫోను పోయిందని చూపించాలి. అందుకే బిల్లు దాచండి. అప్‌డేట్ వేసిన తేదీ కాగితం మీద రాయండి. ఆగిపోయిన తెరను పక్కింటివారి ఫోనుతో ఫొటో తీయించండి. కంపెనీ సర్వీసు సెంటరుకు వెళితే ఫోనులో ఏం పోయిందో రాసిన చీటీ అడగండి. నోటిమాటతో తిరిగి రావద్దు.

ఫిర్యాదు రాయడం కష్టం కాదు. “ఫలానా తేదీన ఈ ఫోను కొన్నాను. ఫలానా తేదీన కంపెనీ పంపిన అప్‌డేట్ వేశాను. అప్పటి నుంచి పనిచేయడం లేదు. బాగుచేయించాలి, లేదా డబ్బు ఇప్పించాలి.” కింద మీ పేరు, ఊరు, సంతకం. నకలు ఒకటి దగ్గర ఉంచుకోండి.