చెరిపేసిన నవ్వులు, మిగిలిన అమృతం

ఒకప్పుడు సి.బెళగల్‌లోనైనా ఎమ్మిగనూరులోనైనా వీసీఆర్ ఉన్న ఇంట్లో ఒక ఘోరం జరగకుండా ఉండేది కాదు. ఖాళీ క్యాసెట్ దొరక్క పిన్ని పెళ్లి మీద వన్డే మ్యాచ్ రికార్డు చేసేవారు. సరిగ్గా తాళి కట్టే వేళకు టెండూల్కర్ బ్యాటు పట్టుకుని వచ్చేవాడు. బ్రిటన్‌లో బీబీసీ చేసిందీ అదే పని, కాకపోతే జీతాలిచ్చి మరీ చేయించింది.

1960ల్లో అక్కడి కార్యక్రమాలు రెండంగుళాల వెడల్పు టేపు మీద ఎక్కేవి. టేపు బాగా ఖరీదు, చెరిపితే మళ్లీ పనికొస్తుంది. నటుల సంఘంతో ఒప్పందాల వల్ల ఒకే భాగాన్ని ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు వేయడానికి లేదు. జనం ఇళ్లలో వీడియోలు లేవు కాబట్టి అమ్ముకునే దారీ లేదు. ఇక కలర్ వచ్చాక నలుపు తెలుపు బొమ్మ అడిగేదెవరు? ఏ గుమాస్తా లెక్క వేసినా చెరిపేయమనే తేలేది. అన్నీ పద్ధతిగా దాచాలన్న బుద్ధి 1978లో గానీ పుట్టలేదు. 1953 నాటి రాణిగారి పట్టాభిషేకం మాత్రం భద్రం. నవ్వించినవాళ్లకు ఆ మర్యాద దక్కలేదు.

పీటర్ కుక్, డడ్లీ మూర్ జంట 'నాట్ ఓన్లీ బట్ ఆల్సో' చేసింది. చెరిపేస్తున్నారని తెలిసి, డబ్బు నేనిస్తాను, ఆ టేపులు ఉంచండని కుక్ అడిగాడు. కుదరదన్నారు. నిబంధన నిబంధనే కదా.

'డాడ్స్ ఆర్మీ' అనే హాస్య సీరియల్ కథ ఇంకా చిత్రం. 1969 నాటి రెండో సిరీస్‌లో ఆరు భాగాలుంటే ఐదు పోయాయి. స్టూడియో వాళ్లు చెత్తలో పారేసిన ఫిల్ము రీళ్లను ఎవరో ఏరుకుపోయి తోటలోని షెడ్డులో పడేశారు. వాటిలోంచి 2001లో రెండు భాగాలు బయటపడ్డాయి. మూడు ఇప్పటికీ లేవు. ఒకదానికి మాటలు మాత్రం దొరికితే 2016లో యానిమేషన్ బొమ్మలు అతికించారు. 2019లో ఆ మూడింటినీ కొత్త నటులతో మళ్లీ తీశారు. 'స్టెప్టో అండ్ సన్' 1970 భాగాలు కలర్‌లో తీసినవే. వాటిలో చాలావరకు నేడు నలుపు తెలుపులోనే చూడాలి. ఎందుకంటే అవి మిగిలింది రచయితలు గాల్టన్, సింప్సన్ తమకోసం దాచుకున్న ప్రతుల్లోనే.

ఇక మన వైపు చూస్తే, మన జిల్లాకు టీవీ తొందరగానే వచ్చింది. 1975 ఆగస్టు 1న మొదలైన 'సైట్' అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి నేరుగా బొమ్మ అందుకున్న పల్లెల్లో కర్నూలు జిల్లావీ ఉన్నాయి. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో వచ్చింది. టేపుల కరువు దూరదర్శన్‌కూ తప్పలేదు, చెరిపి వాడుకోవడం అక్కడా ఉండేది.

'అమృతం' హాస్య సీరియల్ దగ్గర కథ మారింది. గుణ్ణం గంగరాజు నిర్మాణంలో 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినీలో వచ్చింది. టైటిల్ పాట సిరివెన్నెలది. మొదట్లో దర్శకత్వం వహించినవాళ్లలో చంద్రశేఖర్ యేలేటి ఉన్నాడు. ఆయన 'ఐతే' సినిమా తీసింది ఆ తరవాతే. అంజి పాత్రలో గుండు హనుమంతరావు చివరిదాకా నిలిచాడు. ప్రధాన పాత్ర అమృతరావు మాత్రం శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్‌ల చేతులు మారాడు. బ్రిటన్‌లో అయితే మధ్యలోని అమృతరావును ఏ టేపు కొరతో మింగేసి, పండితులు ఊహలు రాసుకుంటూ కూర్చునేవారు. ఇక్కడ సీరియల్ మొత్తం యూట్యూబ్‌లోకి వచ్చేసింది. అందుకే అసలు అమృతం ఎవరన్న తగవు ఎంతకీ తెగదు, వాదించే ప్రతివాడి దగ్గరా సాక్ష్యం ఉంది.