బీడీ మానకముందే నికోటిన్ పట్టీ వేసుకోవచ్చా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో ఎన్నో ఇళ్లకు బీడీ కూడు పెట్టే పని. తల్లి చాట ముందేసుకుని బీడీలు చుడుతుంటే, తండ్రి అదే చాటలో నుండి ఒకటి తీసి ముట్టిస్తాడు. సాంచాల మీద రాత్రి పని చేసేవారు నిద్ర ఆపుకోవడానికి తాగుతారు. "ఇవాళ్టి నుండి బంద్" అన్నవారు రెండు రోజులకే మళ్లీ మొదలుపెడతారు. వారిని తిట్టి లాభం లేదు. మెదడు నికోటిన్‌కు అలవాటు పడటమే అందుకు ముఖ్య కారణం.

పట్టీ ఏమి చేస్తుంది?

చర్మానికి అంటించిన పట్టీ నుండి నికోటిన్ నెమ్మదిగా రక్తంలో చేరుతుంది. పొగలో ఉండే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇందులో ఉండవు.

ముందే ఎందుకు?

సాధారణంగా బీడీ మానిన రోజున పట్టీ మొదలుపెడతారు. రెండు నుండి నాలుగు వారాల ముందే మొదలుపెట్టే పద్ధతి కూడా ఉంది. నికోటిన్ పట్టీ నుండి అందుతూ ఉంటుంది కనుక, బీడీ తాగినా మునుపటి తృప్తి కలగదు. యావ క్రమంగా సడలుతుంది.

2018లో వెలువడిన ఒక ఇంగ్లండు పరిశోధనలో సుమారు 1,800 మంది పాల్గొన్నారు. నాలుగు వారాలు ముందుగా పట్టీ వాడినవారిలో 17.5 శాతం, వాడనివారిలో 14.4 శాతం మంది ఆరు నెలలపాటు పొగ మానగలిగారు. తేడా చిన్నదే. పట్టీ మంత్రం కాదు, ఊతకర్ర మాత్రమే.

జాగ్రత్తలు

• డాక్టరును అడిగి మోతాదు నిర్ణయించుకోండి. గర్భిణులు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు అడగకుండా వాడరాదు.
• వెంట్రుకలు లేని పొడి చర్మంపై, రోజుకొక చోట అంటించండి.
• వికారం, తలతిరుగుడు, గుండెదడ కలిగితే పట్టీ తీసివేసి ఆసుపత్రికి రండి.
• నిద్ర పట్టకపోతే రాత్రి తీసివేయవచ్చునేమో డాక్టరును అడగండి.
• వాడిన పట్టీలో కూడా నికోటిన్ మిగిలి ఉంటుంది. మడిచి, పిల్లలకు అందకుండా పారవేయండి.

ఇంటివారికి ఒక మాట

మానే తేదీని ముందే నిర్ణయించుకోండి. పట్టీ ఉందికదా అని ఆ తేదీని వాయిదా వేయవద్దు. ఆ రోజు నుండి బీడీల చాటను ఆయన కంటికి, చేతికి దూరంగా పెట్టండి. ఉచిత సలహాకు 1800-11-2356 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఒకసారి తప్పినా నిరాశపడవద్దు. సంఘస్థులు ఆయన కొరకు ప్రార్థించండి, ఆయనకు తోడుగా నిలవండి.