గాడిలోని స్వరము

విజయనగరము సంగీతమునకు పేరుమోసిన పట్టణము. 1919వ సంవత్సరమున గజపతి ప్రభువుల ఆదరముచే అచ్చట సంగీత కళాశాల వెలసినది. హరికథా పితామహుడగు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. 1936లో ఆ పీఠమును వాయులీన విద్వాంసుడు ద్వారం వేంకటస్వామినాయుడు అలంకరించెను. ఘంటసాల వేంకటేశ్వరరావు వారములు చేసికొని సంగీతము నేర్చినది ఆ ఊరనే. ద్వారం వారు 1964లోను, ఘంటసాల 1974లోను కీర్తిశేషులైరి. అయినను వారి స్వరము నల్లని రికార్డుల గాడులలో నేటికిని దాగియున్నది.

ఆ రికార్డులు శాశ్వతములు కావు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత రికార్డులు లక్కతో చేసినవి. చేయి జారినచో పెంకువలె పగులును. అందుచే వానిలోని గానమును కంప్యూటరున కెక్కించి కాపాడు ప్రయత్నము లోకమంతటను జరుగుచున్నది. ఈ పనిలో చిక్కొకటి కలదు. ముల్లు మొదలు కంప్యూటరు వఱకు గల దారిలో ఎచ్చట లోపమున్నను ఆ లోపము గానముతోపాటు ప్రతిలోనికి ఎక్కును. రికార్డు పిమ్మట పగిలిపోయినచో మిగులునది ఆ చెడిన ప్రతియే. లోపము కనిపెట్టు నేర్పు ఎంత అవసరమో దీనినిబట్టి తెలియగలదు.

ముందు ఆ దారి ఎట్టిదో చూడవలెను. రికార్డుపై నున్నది అంచునుండి నడుమకు చుట్టుకొనిపోవు ఒకే గాడి. మూడు నిమిషముల పాటకు 78 వేగపు రికార్డు 234 చుట్లు తిరుగును. గాడి గోడలలోని వంకరలనుబట్టి ముల్లు వణకును. ముల్లు వెనుక చిన్న అయస్కాంతము, దాని ప్రక్కను సన్నని తీగ చుట్టలు ఉండును. అయస్కాంతము కదలిన తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో ఫారడే కనుగొన్న నియమమే ఇచ్చట పనిచేయును. ఈ పరికరమునకు కార్ట్రిడ్జి అని పేరు. దీనినుండి వచ్చు విద్యుత్తు ఒక వోల్టులో వెయ్యింట ఐదు వంతులు మాత్రమే. రేడియో మొదలగు సాధనములు ఇచ్చు సంకేతము దీనికి ఇంచుమించు నూరు రెట్లుండును. కావున కార్ట్రిడ్జి సంకేతమును ముందుగా ఫోనో ఆంప్లిఫైయరు అనునది పెంచి, పిమ్మట కంప్యూటరునకు అందించును.

ఈ దారినే నమ్ముకొన్న మఱియొక విద్య కలదు. పెండ్లి ఊరేగింపుల పుణ్యమా అని డీజే అనుమాట నేడు శ్రీకాకుళము జిల్లా పల్లెలలో పిల్లలకును తెలియును. అచ్చటి డీజేలలో ల్యాప్‌టాపుతోనే సరిపెట్టువారు పెక్కుమంది. రికార్డును చేతితో ముందునకు వెనుకకు త్రిప్పుచు వాయించు అసలు విద్య న్యూయార్కు నగరమున బ్రాంక్స్ పేటలో 1970 తరువాత వర్ధిల్లినది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో దానికి కంప్యూటరు తోడై, చిత్రమైన రికార్డు ఒకటి పుట్టినది. దానిలో పాట ఉండదు. వినినచో సన్నని కూత మాత్రము వినబడును. పేరుపొందిన ఒక రకములో ఆ కూత సెకనుకు 1000 కంపనములు గలది. రికార్డు సరియైన వేగమున తిరిగినచో కంప్యూటరునకు 1000 కంపనములు అందును. సగము వేగమున తిరిగినచో 500 అందును. దానినిబట్టి కంప్యూటరు తనలోని పాటను అదే వేగమున నడపును. ముల్లు గాడిలో ఎచ్చట ఉన్నదో తెలుపు గుర్తులును ఆ కూతలోనే ఇమిడియుండును.

రికార్డు ముందునకు పోవుచున్నదో వెనుకకు పోవుచున్నదో కంప్యూటరు ఎట్లు ఎఱుగును? గాడికి రెండు గోడలు కలవు. లోపలి గోడ ఎడమ సంకేతమును, వెలుపలి గోడ కుడి సంకేతమును మోయును. రెండింటను కూత ఒకటే కాని, ఒకటి మఱియొకదానికంటె పావు కంపనము వెనుకబడి యుండును. గుండ్రముగా తిరుగు మిణుగురు పురుగు నూహింపుడు. దాని నీడ నేలపై ఒకటి, గోడపై ఒకటి పడినదనుకొన్నచో, ఏ ఒక్క నీడను చూచినను అది ఇటునటు ఊగుచున్నట్లే కనబడును. రెండు నీడలను కలిపి చూచినవాడు మాత్రము పురుగు ఏ వైపునకు తిరుగుచున్నదో చెప్పగలడు. ఎడమ కుడి సంకేతములు అట్టి రెండు నీడలు. వానిని కలిపి కంప్యూటరు తెరపై గీసినచో చక్కని వలయ మేర్పడును.

ఆ వలయము వైద్యునికి నాడివంటిది. వలయము పుట్టక తెరపై చుక్క మాత్రము నిలిచినచో సంకేతమే రాలేదన్నమాట. నిలువు గీత కాని అడ్డు గీత కాని వచ్చినచో రెండింట ఒక సంకేతము తెగిపోయినది. ఏటవాలు గీత వచ్చినచో ఎడమ కుడి తీగలు ఎచ్చటనో ఒకదాని కొకటి తగులుచున్నవి. కోడిగ్రుడ్డు ఆకారము వచ్చినచో ఒక ప్రక్క నీరసించినది. మూలలు దేఱి చదరముగా మాఱినచో సంకేతము మితిమీఱినది; ఒకసారి పెంచినదానిని తెలియక రెండవసారి పెంచియుందురు. వలయము చక్కగానే ఉండి పాట వెనుకకు నడచినచో తీగలు తాఱుమాఱైనవి. గీత మొద్దుబాఱి వణకినచో ముల్లుపై దుమ్మైన ఉండవలెను, లేదా మ్రోత కలిసియైన ఉండవలెను.

ఏమి లోపమో ఇంతవఱకు తెలిసినది. ఎచ్చట ఉన్నదో తెలియుటకు మఱియొక ఉపాయము కావలెను. చివరి మడికి నీరు అందనప్పుడు రైతు కాలువ గట్టున నడచి, నీరు ఎంతవఱకు వచ్చినదో చూచును. ఇచ్చటను అదే పద్ధతి. ఎడమ ప్రక్క ధ్వని పోయినదనుకొందము. మిక్సరు వెనుక నున్న ఎడమ కుడి ప్లగ్గులను ఒకదాని చోట మఱియొకదానిని పెట్టవలెను. ఇప్పుడు కుడి ప్రక్క మూగవోయి ఎడమ ప్రక్క పలికినచో లోపము ప్లగ్గులకు ముందే, అనగా ముల్లు, కార్ట్రిడ్జి, తీగ వీనిలో ఉన్నది. మార్చినను ఎడమ ప్రక్కయే మూగగా నున్నచో లోపము మిక్సరులోనో దాని తరువాతనో ఉన్నది. ఒక్క మార్పుతో దారిలో సగము నిర్దోషి యని తేలినది. మిగిలిన సగములోను ఇట్లే చేయుచు పోయినచో దొంగ దొరకును. ఒక మాఱు ఒక్కటే మార్చవలెను. రెండు మార్చినవానికి దేనివలన కుదిరినదో తెలియదు. ప్లగ్గులు మార్చినంతసేపు కూత రికార్డు పాటను వెనుకకు నడపును. అది క్రొత్త జబ్బు కాదు.

భోగాపురము మొదలు ఇచ్ఛాపురము వఱకు తీరమున ఉప్పుగాలి వీచును. ఆ తేమకు ఇత్తడి ప్లగ్గులు చిలుమెక్కును. కార్ట్రిడ్జి సంకేతము అత్యల్పము కనుక, పలుచని చిలుము పొరయే దానిని అడ్డగింపగలదు. ప్లగ్గును రెండు మూడు మాఱులు తీసి పెట్టిన మాత్రమున ధ్వని తిరిగి వచ్చినచో చిలుమే కారణమని తలపవచ్చును.

మ్రోత సంగతి వేఱు. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 మాఱులు ఊగును. తీగలు దానిని పట్టి గుంయిమని పలుకును. చేయి యంత్రపు లోహపు భాగమునకు తగిలినప్పుడు మ్రోత మాఱినచో, టర్న్‌టేబులునుండి మిక్సరునకు పోవలసిన ఎర్తు తీగ ఊడినదని అర్థము. ఆ సన్నని తీగను బిగించిన చాలును. కొందఱు తొందరపాటున గోడ ప్లగ్గులోని మూడవ పిన్నును విఱిచి మ్రోత మాన్పుదురు. మ్రోత తగ్గవచ్చును గాని, యంత్రములో విద్యుత్తు లోహమునకు తగిలిననాడు అది ముట్టినవాని ప్రాణమును తీయును.

టప్పు టప్పుమను చప్పుడు వినబడినప్పుడు కాలమును లెక్కింపవలెను. 78 వేగపు రికార్డు ఒక చుట్టు తిరుగుటకు సెకనులో ముప్పాతిక కంటె కొంచె మెక్కువ పట్టును. 33⅓ వేగపుదానికి 1.8 సెకనులు పట్టును. చప్పుడు అంతంత సేపటికే వచ్చుచున్నచో రికార్డుపై గీత పడినది. వేళాపాళా లేక వచ్చినచో తీగలను చూడవలెను.

పాత రికార్డుల విషయమున మఱి రెండు జాగ్రత్తలు కలవు. వాని గాడి వెడల్పు. 1948 తరువాతి సన్నగాడి రికార్డుల ముల్లు వానిలో అడుగునకు దిగి, దుమ్మును గీకుచు బొరబొరలాడును. 78 రికార్డునకు దానికై చేసిన లావైన ముల్లే వాడవలెను. వానిని స్పిరిట్టుతో తుడువరాదు. లక్క స్పిరిట్టులో కరగును. శుభ్రపఱచు గుడ్డకే పాట అంటుకొని పోవును.

కంప్యూటరులో బరబర ధ్వనులను తీసివేయు సాధనములు కలవు. అవి ముల్లు రాపిడితోపాటు వాయులీనము తీగపై కమాను ఒరసికొను మృదుధ్వనిని కూడ తీసివేయును. ద్వారం వారి వాదనమున ఆ ఒరపిడి పోయినచో మిగులునది వేఱొక వాద్యము. అందుచే గ్రంథాలయములవారు గాడిలోనుండి వచ్చినది వచ్చినట్లుగా, సెకనుకు 96,000 మాదిరుల చొప్పున మొదటి ప్రతిని ఎక్కించి, మార్పులేక భద్రపఱతురు. శుభ్రపఱచు పనులన్నియు రెండవ ప్రతిపైననే జరుగును.