కోరింగ మడ అడవుల యాత్ర: కనిపించేవి, కనిపించనివి

కాకినాడ నుంచి యానాం వైపు సాగే 216వ జాతీయ రహదారిపై చొల్లంగి గ్రామం దాటిన పిమ్మట ఎడమ చేతివైపున కోరింగ వన్యప్రాణి అభయారణ్యపు ప్రవేశద్వారం వస్తుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటితమైన ఈ ప్రాంతం విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. గౌతమీ గోదావరి నుంచి విడివడిన కోరింగ, గాడేరు పాయలు కాకినాడ అఖాతంలో కలిసేచోట నదీజలం, సముద్రజలం రోజుకు రెండుమార్లు ఒకదానినొకటి నెట్టుకొనే బురదనేలపై ఈ అడవి పెరిగింది. సామాన్య యాత్రికుడు చూసేది ఇందులో అతి స్వల్ప భాగం. చెట్ల నడుమ నేలకు ఎత్తుగా వేసిన చెక్కబాటపై కొంత నడక, పాయలో మోటారు పడవపై కొంతసేపు ప్రయాణం, వెంట ఉన్న గైడు చెప్పే నాలుగు మాటలు. అంతా కలిపి రెండు మూడు గంటల్లో ముగుస్తుంది.

ఇంత చిన్న యాత్ర గురించి ప్రచారంలో ఉన్న మాటలు మాత్రం చిన్నవి కావు. నీటిపిల్లులు, నీటికుక్కలు, సముద్ర తాబేళ్లు, వందకు పైగా పక్షిజాతులు అని కరపత్రాలు చెబుతాయి. ఈ ప్రాణులన్నీ అభయారణ్యంలో ఉన్నమాట సత్యమే. అయితే ఉండటం వేరు, పగటివేళ రెండు గంటలలో కంటబడటం వేరు. ఈ భేదాన్ని ముందుగా వివరించకపోతే నిరాశ చెందేవాడు యాత్రికుడు, మాట పడేవాడు గైడు, చివరకు ఇబ్బంది అడవికి. ఏమీ చూపలేదన్న నింద తప్పించుకొనేందుకు పడవను పక్షుల గుంపు మీదికి పోనిచ్చే అలవాటు ఇటువంటి చోట్లనే మొదలవుతుంది.

ముందుగా పాత్రికేయ మిత్రులకు ఒక మనవి. కోరింగను దేశంలో సుందర్బన్ తరువాత రెండవ అతిపెద్ద మడ అడవి అని రాయడం పరిపాటి అయినది. ఈ వాక్యాన్ని వాడే ముందు లెక్క చూడటం మంచిది. భారత అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక ప్రకారం మడ అడవుల విస్తీర్ణం పశ్చిమ బెంగాల్‌లో 2,114, గుజరాత్‌లో 1,175, అండమాన్ నికోబార్ దీవులలో 616, ఆంధ్రప్రదేశ్‌లో 405 చదరపు కిలోమీటర్లు. అంటే ఆ నివేదికలో మన రాష్ట్రానిది నాలుగవ స్థానం. ఆ 405లోనూ గోదావరి ముఖద్వారంతో పాటు కృష్ణా ముఖద్వారం తదితర ప్రాంతాల వాటా కలిసి ఉన్నది. అభయారణ్యపు మొత్తం విస్తీర్ణాన్ని మడచెట్ల విస్తీర్ణంగా చూపడం కూడా సరికాదు. అందులో నీటిపాయలు, బురదమేటలు, ఇసుకతిన్నెలు ఉన్నాయి. రెండవదైనా నాలుగవదైనా కోరింగ విలువ తగ్గదు కనుక, అతిశయోక్తి అవసరం ఇక్కడ లేనే లేదు.

ఇక యాత్రలో నిశ్చయంగా కనిపించేవి ఏమిటంటే, చెట్లు. నిజానికి ఈ యాత్ర ప్రధానంగా వృక్షశాస్త్ర పాఠం. నల్లమడ, తెల్లమడ చెట్ల చుట్టూ బురదలోనుంచి మేకుల వలె నిక్కి నిలిచిన శ్వాసవేర్లు మొదటి వింత. గాలి చొరని బురదలో పాతుకొన్న వేళ్లకు ప్రాణవాయువు అందించేవి ఇవే. తెల్లమడ ఆకును నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంటుంది. వేళ్ల ద్వారా లోనికి వచ్చిన ఉప్పును ఆ చెట్టు ఆకుల మీది గ్రంథుల గుండా బయటికి విసర్జిస్తుంది. ఉప్పుపొన్న పద్ధతి మరొకటి. కాండం నుంచి గొడుగు ఊచల వలె దిగిన ఊతవేర్లపై నిలబడి, ఉప్పును చాలామటుకు వేరువద్దనే అడ్డగిస్తుంది. దీని గింజ నేలపై మొలవదు. తల్లిచెట్టు కొమ్మకు వేలాడుతూనే మొలకెత్తి, జానెడు పొడవు సాగిన తరువాత రాలుతుంది. ఆటు సమయంలో రాలితే కింది బురదలో దిగబడుతుంది, పోటు సమయంలో రాలితే నీటిపై తేలి మరొక తావు వెదుక్కుంటుంది. తిల్ల చెట్టును చూపించే గైడు దానిని తాకవద్దని చెప్పడం లాంఛనం కాదు. దాని పాలు కంట పడితే చూపునకే ముప్పు. పిల్లలు కొమ్మలు విరవకుండా పెద్దలు చూసుకొనవలెను.

చెక్కబాట మీద నిలబడి కిందికి చూసే ఓపిక ఉన్నవారికి జంతువులు కూడా కనిపిస్తాయి. రెక్కల వంటి ముందరి ఈతవాజాలతో బురదపై పాకుతూ ఎగిరిపడే చిన్న చేపలు, ఒక డెక్క మాత్రమే శరీరమంత పెద్దదై దానిని అదేపనిగా పైకి కిందికి ఊపే మగ పీతలు ఆటు వేళ లెక్కకు అందనన్ని ఉంటాయి. కరపత్రాల ముఖచిత్రాలకు ఇవి ఎక్కవు. కానీ రాలిన ఆకును తినే పీత లేకపోతే ఈ అడవి ఎరువు అడవికి తిరిగి చేరదు. పీతలు, చేపలు లేకపోతే నీటిపిల్లికి తిండి ఉండదు.

ఆ నీటిపిల్లి గురించి స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. బావురుపిల్లి అని కూడా పిలిచే ఈ జంతువు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది. 2018 గణనలో కోరింగలో 115 నీటిపిల్లులు ఉన్నట్లు తేలింది. ఈ సంఖ్య గర్వించదగినదే. అయితే అవి రాత్రి సంచరించే జీవులు. ఉదయం పదిగంటలకు, యాభైమంది మాట్లాడుకుంటూ నడిచే బాట పక్కకు అవి రావు. బురదపై వాటి అడుగుజాడలను గుర్తుపట్టి చూపగలిగిన గైడు దొరికితే యాత్రికుడు అదృష్టవంతుడు. నీటికుక్కల విషయం కొంత మెరుగు. గుంపుగా తిరుగుతూ పగలు కూడా వేటాడతాయి కనుక, తెల్లవారిన కొద్దిసేపటికే పాయలోకి వెళ్లిన పడవలకు అప్పుడప్పుడు తల ఎత్తి కనిపిస్తాయి. నక్కలు కూడా అంతే, ఉదయ సంధ్యలలో.

పక్షుల దర్శనం కాలంమీద, అంతకంటె ఎక్కువగా నీటిమట్టం మీద ఆధారపడి ఉంటుంది. కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు, గరుడ పక్షులు ఏడాది పొడవునా ఉంటాయి. ఉత్తరాది శీతల దేశాల నుంచి వలసవచ్చే తీరపక్షులు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అధికం. కింది ముక్కు పైముక్కు కంటె పొడవుగా ఉండి, దానితో నీటిని చీల్చుకుంటూ ఎగిరే ఇండియన్ స్కిమ్మర్ వంటి అరుదైన పక్షి కూడా శీతకాలంలో కాకినాడ తీరానికి వస్తుంది. ఇవన్నీ మేత మేసేది ఆటు వేళ నీరు తీసిన బురదమేటల మీద. పోటు వేళ వెళ్లిన పడవకు నిండుగా నీరు, ఇరువైపులా పచ్చని గోడ వలె చెట్లు కనిపిస్తాయి. అది అందమైన దృశ్యమే గాని పక్షులు మాత్రం ఉండవు. సరిగ్గా ఆటు వేళ వెళితే చిన్న పాయలలో పడవకు నీరు చాలదు. నీరు తీయడం మొదలైన తరువాతి వేళ అన్నివిధాలా అనుకూలం. ఆటుపోట్ల వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వెనుకకు జరుగుతాయి కనుక నిన్న మంచిదైన వేళ వారం తరువాత మంచిది కాదు. పడవ నడిపే స్థానిక మత్స్యకారులకు ఈ లెక్క కంఠస్థం. టిక్కెట్టు వేళలు మాత్రం సాధారణంగా గడియారాన్ని అనుసరిస్తాయి, నీటిని కాదు.

పాయలో పడవ ఎంత మెల్లగా సాగితే అంత ప్రయోజనం. వేగంగా వెళ్లే పడవ లేపిన అలలు లేత మొక్కల వేళ్ల కింది బురదను కోసివేస్తాయి. పక్షులు లేచిపోయిన ప్రతిసారీ, వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణానికి అవి కూడబెట్టుకొంటున్న కొవ్వు వృథా అవుతుంది. పడవలో పాటలు పెట్టమని అడిగేవారు ప్రతి ఆదివారం ఉంటారు; కాదనడానికి గైడుకు అధికారుల అండ కావాలి. ప్రాణరక్షక జాకెట్ల విషయంలోనూ అంతే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో జరిగిన ఘోర పడవ ప్రమాదం తరువాత, ఇది నదీముఖం, ఇక్కడ లోతు తక్కువ అనే వాదనకు తావులేదు.

హోప్ ఐలాండ్ సంగతి వేరుగా చెప్పుకోవలెను. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో సుమారు రెండు శతాబ్దాల కాలంలో ఏర్పడిన ఈ సన్నని మేట కాకినాడ అఖాతానికి అడ్డుగోడ వలె నిలిచింది. కాకినాడ లంగరు రేవు ప్రశాంతంగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే. దీని తీరాన ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ప్రధానంగా జనవరి నుంచి మార్చి వరకు గుడ్లు పెడతాయి. తల్లితాబేలు ఒడ్డుకు చేరేది రాత్రివేళ. ఒక్కో గూటిలో నూరుకు అటూ ఇటూ గుడ్లు ఉంటాయి, ఏడెనిమిది వారాలలో పొదుగుతాయి. కాబట్టి తాబేళ్లను చూపిస్తామని పగటి యాత్రికునికి ఎవరైనా చెబితే నమ్మవలసిన పనిలేదు. రాత్రి దీపాలతో వెళ్లి చూడాలన్న కోరిక ఇంకా ప్రమాదకరం. వెలుతురు చూసి తల్లి గుడ్లు పెట్టకుండానే మరలిపోవచ్చు, పిల్లలు సముద్రం అనుకొని దీపంవైపు నడుస్తాయి. ఈ మూడు నెలలలో హోప్ ఐలాండ్ గురించి రాసే పాత్రికేయులు దానిని విహారస్థలంగా వర్ణించకుండా ఉండటం తాబేళ్లకు చేసే పెద్ద సహాయం.

పడవలో వెళుతున్నప్పుడు కొన్నిచోట్ల చెట్ల మధ్య, మనుషులు తవ్వినట్లు స్పష్టంగా తెలిసే కాలువలు కనిపిస్తాయి. ఎక్కువమంది వాటిని గమనించరు, కొందరు గైడులు చెప్పరు కూడా. చెప్పదగిన కథ అది. పూర్వం చెట్లు నరికిన చోట నేల కుంగి పళ్లెంలా మారింది. పోటులో వచ్చిన ఉప్పునీరు తిరిగి పోలేక నిలిచిపోయింది, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకొని ఏ మొక్కా బతకని చౌడు అయింది. 1990ల చివర నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, స్థానిక గ్రామాల ప్రజలు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించారు. నడుమ పెద్ద కాలువ, దానికి ఇరుప్రక్కల ఏటవాలుగా పిల్లకాలువలు. పోటు లోనికి వచ్చి ఆటుతో తిరిగి పోసాగింది, ఉప్పు కడుక్కుపోయింది, గట్లపై నాటిన మడ మొక్కలు నిలదొక్కుకొన్నాయి. నేటి యాత్రికుడు ఫోటో తీసుకొనే పచ్చదనంలో కొంత ఈ విధంగా తిరిగి పుట్టినదే. ఒకనాడు వంటచెరకు కోసం ఈ అడవిలోకి వచ్చిన గ్రామాల వారే నేడు కమిటీలుగా ఏర్పడి యాత్ర నిర్వహణలో పాలుపంచుకొనడం ఆ కథకు కొనసాగింపు.

కోరింగ అనే పేరుకున్న చరిత్ర కూడా సాధారణంగా పడవలో వినిపించదు. ఓడల నిర్మాణానికి పేరుపొందిన రేవు ఇది. ఇక్కడి నుంచి వలసపోయిన కారణంగా బర్మాలో తెలుగువారందరినీ కోరంగీలు అనేవారు. 1789లోను, 1839లోను వచ్చిన పెనుతుపానులు ఆ రేవును తుడిచిపెట్టాయి. కలకత్తాలో ఉండి తుపానులను పరిశోధించిన హెన్రీ పిడ్డింగ్టన్ 1848లో సైక్లోన్ అనే పదాన్ని రూపొందించాడు. ఆయన ప్రస్తావించిన విపత్తులలో 1789 నాటి కోరింగ ఉప్పెన ఒకటి. 1839 మృతుల సంఖ్యగా తరచు చెప్పే మూడు లక్షలను వాడేటప్పుడు, దేశవ్యాప్త జనగణన అనేది 1872కు గాని ప్రారంభం కాలేదన్న సంగతి గుర్తుంచుకోవలెను. 1996 నవంబరు 6 నాటి తుపానును చూసిన పెద్దలు ఈ గ్రామాలలో నేటికీ ఉన్నారు. మడచెట్లు గాలివానను ఆపలేవు, అలల ఉధృతిని మాత్రం తగ్గిస్తాయి అని వారి నోట వినడం ఏ సూచికఫలకం కంటెనైనా మేలు.

సంబంధిత అధికారుల పరిశీలనకు కొన్ని సూచనలు. టిక్కెట్టు కిటికీ వద్ద ఆనాటి ఆటుపోట్ల వేళలను సుద్దముక్కతోనైనా రాసి ఉంచవచ్చు. ప్రాణుల పట్టికను సూచికఫలకాలపై తొలగించనవసరం లేదు, ఒక్కొక్కదాని ఎదుట అది కనిపించే నెల, వేళ చేర్చితే చాలు. గైడులు ప్రతిరోజు చూసిన పక్షులను నమోదుచేసే పుస్తకం ఒకటి ఉంటే, సందర్శకుల సంఖ్యతో పాటు అడవి స్థితి కూడా ఏటేటా నివేదికకు ఎక్కుతుంది. రానున్నవారు నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య, సెలవుదినం కాని రోజున, ఉదయం తొలి పడవకు చేరుకొనడం ఉత్తమం. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగి తీర్థానికి స్నానార్థం వేలాదిగా జనం వస్తారు కనుక ఆ రోజు రహదారి రద్దీగా ఉంటుంది. దుర్భిణి, టోపీ, తాగునీరు వెంట తెచ్చుకోవలెను. ఖాళీ సీసాలను తిరిగి తీసుకుపోవలెను.