పద్యం పాడే పిల్లలు పెద్దయ్యాక ఏమవుతారు?



యాన్యువల్ డే దగ్గరపడే కొద్దీ మార్కుల గురించి కాని ప్రశ్నలు కూడా మా స్టాఫ్ రూమ్ దాకా వస్తాయి. పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అబ్బాయి నాన్నగారు ఒకరు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, పెన్ను జేబులో పెట్టుకుంటూ అడిగారు. "మేడమ్, మావాడు పద్యం ఎత్తుకుంటే ఊళ్లో జనం నిలబడి వింటారు. నాకూ సంతోషమే. కానీ దీన్నే పట్టుకుంటే రేపు యాడికి పోతాడు?"

రెండు నిమిషాల్లో చెప్పగలిగే జవాబు కాదది. ఈ నెల పేజీని దానికే వాడుకుంటున్నాను.

ఇటలీ, జర్మనీ లాంటి దేశాల్లో ఒపెరా అని ఒక కళ ఉంది. కథంతా పాటగా నడిచే నాటకం. మైకు లేకుండా, వెనక ఆర్కెస్ట్రా మోగుతుండగా, హాల్లో చివరి వరుసకు కూడా గొంతు చేరాలి. మన పద్యనాటకానికి అది దూరపు చుట్టం అనవచ్చు. కృష్ణుడు రాయబారానికి వచ్చి పద్యం ఎత్తుకోవడం, చివరి పాదంలో రాగం తీయడం, జనం "వన్స్‌మోర్" అని కేకలు వేయడం, మళ్లీ అదే పద్యం పాడించుకోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడి పిల్లలు ఏ వయసులో ఏం చేయాలో చెప్పే మెట్లు స్పష్టంగా ఉన్నాయి. మనకూ మెట్లున్నాయి. అన్నీ ఒకచోట కనపడవు, అంతే.

రెండు దారులు పుట్టిన నేల

ఆ మెట్లలో మొదటివి మన పక్కనే ఉన్నాయి. కడప జిల్లా చక్రాయపేట మండలంలో సురభి అనే ఊరుంది. 1885లో వనారస గోవిందరావు గారు అక్కడ 'కీచకవధ' నాటకం ఆడించారు. తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలవారు బొమ్మల్ని పక్కన పెట్టి తామే వేదిక ఎక్కారు. సురభి నాటక సమాజం పుట్టింది అలా. ఆడవేషం మగవాళ్లే వేసే ఆ రోజుల్లో సురభిలో ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. మొదటి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' 1932లో వచ్చినప్పుడు అందులో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ కుటుంబాల అమ్మాయే. ఈ సమాజానికి చెందిన సురభి బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది.

సురభి పిల్లల కెరీర్ ఎలా ఉండేదో గమనించండి. చిన్నప్పుడు ప్రహ్లాదుడు, బాలకృష్ణుడు, లోహితాస్యుడు. గొంతు కుదిరాక నాయకుడో నాయికో. వయసు మీరాక పెద్ద పాత్రలు, లేదా తెర వెనక హార్మోనియం, లైట్లు, సెట్టింగులు. ఇంట్లో అందరిదీ అదే పని. బతుకుతెరువు నాటకమే. జనం వస్తే అన్నం, రాకపోతే అప్పు. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సురభి సమాజాలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి.

రెండో దారి బళ్లారిలో మొదలైంది. ఇప్పుడది కర్ణాటకలో ఉంది కానీ అప్పట్లో మనతోపాటు మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు 1887లో అక్కడ 'చిత్రనళీయం' ఆడించారు. ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందారు. అదే ఊళ్లో కోలాచలం శ్రీనివాసరావు గారు చారిత్రక నాటకాలు రాశారు. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ గారు నటుడిగా దేశమంతా పేరు తెచ్చుకున్నారు. వీళ్ల ముగ్గురిలో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ముగ్గురూ వకీళ్లే! పగలు కోర్టు, రాత్రి రిహార్సల్. నాటకం వాళ్లకు అన్నం పెట్టలేదు. వాళ్లే నాటకానికి పెట్టారు.

ఆ నాన్నగారి ప్రశ్నకు జవాబు ఈ రెండు దారుల మధ్యే ఉంది. కళ మీద బతకడం ఒకటి, బతుకుతెరువు వేరే పెట్టుకుని కళను వదలకపోవడం రెండోది. పిల్లవాడు పద్యం బాగా పాడుతున్నాడంటే వెంటనే మొదటి దారే మన కళ్లముందు కనపడుతుంది, భయం వేస్తుంది, హార్మోనియం అటక ఎక్కుతుంది. ఇక్కడి చరిత్రలో రెండో దారిలో నడిచినవాళ్లు తక్కువేమీ కాదు.

తొందరపడని గొంతు

ఏ దారో తొమ్మిదో తరగతిలోనే తేల్చాలా? అక్కర్లేదు. తేల్చడం కుదరదు కూడా. కారణం గొంతు.

అబ్బాయిలకు సుమారు 12 నుంచి 15 ఏళ్ల మధ్య స్వరపేటిక పెరుగుతుంది. లోపలి స్వరతంతులు పొడవవుతాయి, మందమవుతాయి. గొంతు ఇంచుమించు ఒక స్థాయి కిందికి దిగుతుంది. నిన్నటిదాకా ఐదు శ్రుతిలో హాయిగా పాడిన పిల్లవాడు రేపు ఒకటి, రెండు శ్రుతులకు రావలసి ఉంటుంది. మధ్యలో కొన్ని నెలలు గొంతు ఎక్కడ నిలుస్తుందో వాడికే తెలియదు. పద్యం మొదట్లో ఒక గొంతు, చివర్లో ఇంకో గొంతు. పక్క బెంచీ వాళ్లు నవ్వుతారు. చాలామంది అబ్బాయిలు పాట మానేసేది ఇక్కడే. అమ్మాయిలకూ మార్పు ఉంటుంది. అది రెండు మూడు స్వరాలకు మించదు కాబట్టి బయటికి అంతగా తెలియదు.

ఈ సమయంలో పెద్దవాళ్ల నుంచి రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, "గొంతు పోయింది, ఇక చదువుకో" అని ముగించేయడం. రెండోది ఇంకా ప్రమాదకరం. యూట్యూబ్‌లో పాత నటుల పద్యాలు పెట్టి, ఆ పై శ్రుతిలోనే పాడమని పట్టుబట్టడం. ఆ మహానుభావులు మైకులు సరిగా లేని కాలంలో, పెద్ద గొంతుతో, ఏళ్ల సాధనతో పాడారు. పద్నాలుగేళ్ల పిల్లవాడు అదే పట్టుతో అరిస్తే గొంతు దెబ్బతింటుంది. బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే మిరియాల పాలతో సరిపెట్టకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

ఒపెరా వాళ్లు ఇంకా నెమ్మది. పద్దెనిమిది దాటాక సంగీత కళాశాల, ఆ తర్వాత పెద్ద ఒపెరా సంస్థల్లో యువ గాయకుల శిక్షణ. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా 1980లోనే అలాంటి కార్యక్రమం పెట్టింది. లండన్ రాయల్ ఒపెరా హౌస్‌లోనూ ఉంది. అక్కడ నేర్చుకుంటూనే చిన్న పాత్రలు పాడతారు, జీతం కూడా ఇస్తారు. ఒపెరాలియా అనే అంతర్జాతీయ పోటీకి 32 ఏళ్ల దాకా వెళ్లవచ్చు. బరువైన పాత్రలకు గొంతు ముప్పై దాటాకే సిద్ధమవుతుందని వాళ్ల నమ్మకం. మన దేశంలోనూ సంగీత నాటక అకాడమీ యువ కళాకారులకు ఇచ్చే ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారానికి వయసు హద్దు 40. నలభైకి దగ్గరపడినవాళ్లను కూడా యువకులనే రంగంలో, పద్నాలుగేళ్లకే తీర్పు చెప్పే తొందర మనకెందుకు?

డబ్బు సంగతి

ఇది దాచకుండా చెప్పుకోవాలి. పద్యం ఒక్కటే పాడి ఇల్లు నడుపుకునేవాళ్లు తక్కువ. మన పల్లెల్లో తిరునాళ్లకు, జాతరలకు 'సత్య హరిశ్చంద్ర', 'కురుక్షేత్రం' ఇప్పటికీ పడుతున్నాయి. వీటిలో చాలావరకు ఊరి రైతులే చందాలు వేసుకుని, పాత్రలు పంచుకుని, నెలల తరబడి రాత్రిళ్లు నేర్చుకుని ఆడేవి. డబ్బు తీసుకుని ఆడే కాంట్రాక్టు నాటకాలు వేరు. ఒక రాత్రికి ఇంత అని మాట్లాడుకుంటారు. ఒకే నాటకంలో ఇద్దరు కృష్ణులు, ఇద్దరు హరిశ్చంద్రులు ఉండేది వీటిలోనే. పేరున్న గొంతులన్నీ జనానికి కావాలి, తెల్లవార్లూ ఒకే గొంతు నిలవదు. సీజన్ అయిపోతే పని ఉండదు. ప్రభుత్వం 2022 జనవరిలో 'చింతామణి' నాటక ప్రదర్శనను నిషేధించినప్పుడు, దాని మీదే ఆధారపడిన కళాకారులకు ఒక్క రోజులో పని పోయింది. ఆ నాటకం మంచిదా కాదా అన్న చర్చ వేరే. ఆదాయం ఒక్కచోటే ఉంటే ఏమవుతుందో దాన్ని చూసి తెలుసుకోవచ్చు.

అన్నట్టు, ఈ మొత్తం వ్యవహారంలో పని కాస్త నిలకడగా ఉండేది హార్మోనిస్టుకు. ఊరికి నేర్పేది ఆయనే, నాటకం రోజు వాయించేదీ ఆయనే. మీ పిల్లవాడికి గొంతుతోపాటు హార్మోనియం కూడా వస్తే వాడికి రెండు పనులు వచ్చినట్టే.

జీతంతో కూడిన దారులూ ఉన్నాయి. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు 1978లో తిరుమల తిరుపతి దేవస్థానంవారి అన్నమాచార్య ప్రాజెక్టులో గాయకుడిగా చేరి, 2006లో అక్కడే రిటైర్ అయ్యారు. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక మన సీమదే కదా! కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ మ్యూజిక్ టీచర్ పోస్టులున్నాయి. వాటికి సంగీతంలో డిగ్రీ కావాలి. ఆకాశవాణి ఆడిషన్ పెట్టి బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడ్లు ఇస్తుంది. కడప కేంద్రం మనకు 1963 నుంచి ఉంది. గ్రేడు వస్తే అది ఉద్యోగమైపోదు కానీ, ఆ తర్వాత ఏ సభకు వెళ్లినా పేరు పక్కన ఒక గుర్తింపు ఉంటుంది.

సినిమా గురించి అడుగుతారని తెలుసు. పులివెందుల దగ్గర సింహాద్రిపురంలో పుట్టిన నటుడు పద్మనాభం గారు చిన్నప్పుడు నాటక పద్యాలు పాడి మద్రాసు చేరారు. ఆయన తర్వాత నిర్మాతగా తీసిన 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న'తోనే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 1966లో సినిమా గాయకుడయ్యారు. బాలు గారు అప్పటికి ఏం చేస్తున్నారనుకున్నారు? ఇంజనీరింగ్ కోసం అనంతపురంలో చేరి, టైఫాయిడ్ వల్ల ఆపేసి, మద్రాసులో ఏఎంఐఈ చదువుతున్నారు. చదువు నడుస్తూనే ఉంది, పోటీల్లో పాట నడుస్తూనే ఉంది. పద్మనాభం, బాలు లాంటి పేర్లు ఎప్పుడో ఒకటి వస్తాయి, వాటిని లెక్కలో పెట్టుకుని ఇల్లు నడపలేం. కానీ చదువూ పాటా ఒకే పిల్లవాడిలో కొన్నేళ్లు కలిసి ఉండగలవని మాత్రం తెలుస్తుంది.

ఇంటర్ దాకా ఏం చేయవచ్చు

ఫౌండేషన్ క్లాసులు, స్టడీ అవర్లు, వీకెండ్ టెస్టుల మధ్య టైమ్ ఎక్కడుందని మీరు అడగవచ్చు. ఆ టైమ్‌టేబుల్ వేసేవాళ్లలో మేమూ ఉన్నాం కాబట్టి నేను కాదనలేను. రోజుకు అరగంట చాలు. గొంతు మారుతున్నప్పుడు కింది శ్రుతిలో సరళీ స్వరాలు, మెల్లగా. పాడలేని రోజున వినడం, తాళం, హార్మోనియం. పద్యాన్ని అర్థంతో, పదం విరిచి చదవడం. చివరిది తెలుగు మార్కులకూ పనికొస్తుంది, మీరు కావాలంటే అదే కారణం చెప్పుకోండి!

గురువు దగ్గర చేర్చండి. కర్నూలులో ప్రభుత్వ శారదా సంగీత కళాశాల ఉంది. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా చేయవచ్చు. పై చదువుకు తిరుపతిలో దేవస్థానంవారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది.

కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఆర్‌టీ 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సాంస్కృతిక ప్రతిభా స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఏడాదికి 3,600 రూపాయలు, గురువు ఫీజుకు కొంత అదనం. మొత్తం చిన్నదే. అయితే ఎంపికైన పిల్లలకు 20 ఏళ్ల దాకా కొనసాగే అవకాశం ఉంది. "నేను ఈ కళ నేర్చుకుంటున్నాను" అని చెప్పుకునే ధైర్యం దానితో వస్తుంది. 18 నుంచి 25 ఏళ్లవారికి కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ వేరే ఉంది. నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. దరఖాస్తు చేసే ముందు ఆ ఏటి నోటిఫికేషన్‌లో వయసు, మొత్తం ఒకసారి సరిచూసుకోండి. వేదిక కావాలంటే నంది నాటకోత్సవాల్లో పద్యనాటకానికి, బాలల నాటికలకు విడివిడిగా విభాగాలున్నాయి.

అమ్మాయిల తల్లిదండ్రులకు ఒక మాట. "నాటకాల పిల్ల" అన్న మాట ఊళ్లో ఇంకా వినపడుతుందని తెలుసు. 1885లోనే మన జిల్లా ఊళ్లో ఆడవాళ్లు వేదిక ఎక్కారని ఆ మాట అన్నవాళ్లకు మీరే చెప్పండి.

ఆ నాన్నగారితో తర్వాత ఫోన్‌లో మాట్లాడాను. టెన్త్ అయ్యేదాకా ఏ నిర్ణయమూ వద్దనుకున్నాం, ఆదివారం పొద్దున గురువు దగ్గరికి పంపుతానన్నారు.

ఈసారి యాన్యువల్ డేకి సంబంధించి ఒక చిన్న మార్పు. 8, 9 తరగతుల్లో గొంతు మారుతున్న అబ్బాయిలను పద్యాల ఆడిషన్ నుంచి తప్పించడం లేదు. వాళ్ల శ్రుతి వాళ్లనే ఎంచుకోమంటున్నాం. ఆ రోజు గొంతు సహకరించకపోతే హార్మోనియం దగ్గరో, తాళం దగ్గరో కూర్చుంటారు. ఇంట్లో హార్మోనియం ఉన్నవాళ్లు శనివారంలోగా క్లాస్ టీచర్‌కు చెప్పండి. స్కూల్లో ఉన్నది ఒక్కటే, దాని రెండు మెట్లు పలకడం లేదు.