జెని – జపనీయుల చిల్లర నాణెం

ఒక జాతి జీవనవిధానాన్ని తెలుసుకొనడానికి దాని రాజధానులను, రాజప్రాసాదాలను దర్శించడం ఒక మార్గం. ఆ జాతి నిత్యం వాడుకునే చిన్న చిన్న మాటలను పరిశీలించడం మరొక మార్గం. ఈ రెండవ మార్గంలో నడిచేవారికి జపాన్ భాషలోని ‘జెని’ అనే పదం ఎన్నో విశేషాలను అందిస్తుంది. ‘జెని’ అంటే నాణెం. రెండక్షరాల ఈ పదంలో పదమూడు శతాబ్దాల చరిత్ర ఇమిడి ఉంది.

జపనీయులు నాణేన్ని సందర్భాన్నిబట్టి వేర్వేరు పేర్లతో వ్యవహరిస్తారు. సాధారణంగా దానిని ‘కోక’ అంటారు. గట్టి ద్రవ్యం అని దీని అర్థం. మన చీరకు పర్యాయపదమైన ‘కోక’తో దీనికి సంబంధం లేదు. అంగడిలో నూరు యెన్‌ల నాణేన్ని ‘హ్యకుఎన్‌దమ’ అంటారు. ఇందులో ‘దమ’ అంటే గుండు అని అర్థం. ఇక జేబులో గలగలలాడే చిల్లర ‘కొజెని’. ‘కొ’ అంటే చిన్న. ఆ చిల్లర వేసుకునే చిన్న సంచి ‘కొజెనిఇరె’. రుసుము చెల్లించి అందరూ స్నానం చేసే స్నానశాలను ‘సెన్‌తో’ అంటారు. నాణెపు వేడినీరు అని దాని పదార్థం. నాణెమంత ఉండే తాబేలు పిల్లకు సైతం ‘జెనిగమె’ అని పేరు పెట్టారు.

చైనా భాషనుండి వచ్చిన ‘సెన్’ అనే శబ్దమే జపనీయుల నోట ‘జెని’గా మారిందని భాషావేత్తలు చెబుతారు. మాటతోపాటు నాణెపు ఆకృతి కూడా చైనానుండే వచ్చింది. క్రీ.శ. 708లో చిచిబు ప్రాంతంలో లభించిన రాగిని చక్రవర్తికి సమర్పించగా, ఆ సంతోష సూచకంగా ‘వాదో’ అనే నూతన శకాన్ని ప్రకటించి, అదే పేరుతో నాణేలు పోతపోయించారు. అవి గుండ్రంగా ఉండి, నడుమ చతురస్రాకారపు రంధ్రం కలిగి ఉండేవి. పదవ శతాబ్దం తరువాత ప్రభుత్వం నాణేల తయారీని మానివేసింది. తరువాతి కాలంలో కొన్ని వందల ఏళ్లు జపాన్ విపణులలో చైనా నాణేలే చెలామణి అయ్యాయి. 1636లో తోకుగవ ప్రభుత్వం ‘కాన్‌ఎయి’ నాణేలను ప్రవేశపెట్టిన తరువాత స్వదేశీ నాణెం దేశమంతటా వ్యాపించింది.

బంగారు, వెండి నాణేలు ధనికుల చేతులలో తిరుగుతుండగా, ‘జెని’ సామాన్యుని ద్రవ్యమై నిలిచింది. రంధ్రంలోనుంచి తాడు దూర్చి నాణేలను దండలుగా కట్టేవారు. ఒక విచిత్రమేమంటే, తాడుకు గుచ్చిన 96 నాణేలను నూరుగా లెక్కించి పుచ్చుకునే ఆచారం ఉండేది. తాడు విప్పితే అవి తొంబది ఆరే. విప్పనంత వరకు నూరు! పరస్పర విశ్వాసమే ఆ నాలుగు నాణేల లోటును పూరించిందన్నమాట. రంధ్రపు నాణెం తెలుగువారికీ కొత్త కాదు. 1943–47 మధ్య మన దేశంలో చెలామణి కోసం ముద్రించిన ఒక పైసా నాణేనికి నడుమ గుండ్రని చిల్లు ఉండేది.

1871లో మెయిజీ ప్రభుత్వం ద్రవ్యవిధానాన్ని సంస్కరించి ‘యెన్’ను ప్రవేశపెట్టింది. యెన్‌లో నూరవ వంతుకు పాత మాటనే నిలిపి ‘సెన్’ అని పేరు పెట్టింది. ధరలు పెరిగి సెన్‌కు విలువ లేకపోవడంతో 1953 చివర దాని చెలామణిని నిలిపివేశారు. అయినా మాట చావలేదు. ఒక సెన్‌ను చూసి నవ్వినవాడు ఆ ఒక్క సెన్ కోసమే ఏడుస్తాడని జపనీయుల నానుడి. నేడు ‘సెన్’ స్థానంలో ‘యెన్’ అని మార్చి కూడా దానిని వాడుతున్నారు. నాణెం మారింది కాని నీతి మారలేదు.

నేటి నాణేలలో జపనీయుల మనసుకు మిక్కిలి దగ్గరైనది అయిదు యెన్‌ల ఇత్తడి నాణెం. దానిపై వరికంకి, నీటి అలలు, రంధ్రం చుట్టూ పండ్లచక్రం ఉంటాయి. అవి వ్యవసాయానికి, జలసంపదకు, పరిశ్రమలకు సంకేతాలు. అయితే దాని ప్రీతికి కారణం రూపం కాదు, ఉచ్చారణ. మనం ‘యెన్’ అనే దానిని వారు ‘ఎన్’ అని పలుకుతారు. ‘గో’ అంటే అయిదు కనుక అయిదు యెన్‌లు ‘గోఎన్’. అదే ధ్వనిగల మరొక ‘ఎన్’కు బంధం అని అర్థం, దాని ముందు ‘గో’ గౌరవవాచకంగా చేరుతుంది. ఈ రెండవ ‘ఎన్’ బౌద్ధ పరిభాషలోనిది. సంస్కృతంలో కారణ సామగ్రిని తెలిపే ‘ప్రత్యయ’ శబ్దానికి చైనా అనువాదకులు వాడిన అక్షరమే జపాన్‌లో ‘ఎన్’ అయింది. ఇట్లా భారతీయ తాత్త్విక భావన ఒకటి జపాన్ చిల్లర నాణెంతో జతకట్టింది. అందుకే ఆలయాలలోని కానుకల పెట్టెలో భక్తులు ఏరికోరి అయిదు యెన్‌ల నాణెం వేసి, మంచి బంధాలు కలగాలని మొక్కుకుంటారు. ఈ కానుకకు ‘సైసెన్’ అని పేరు. పది యెన్‌లను ‘తోఎన్’ అని కూడా చదవవచ్చు. దానికి దూరపు బంధం అనే అర్థం స్ఫురిస్తుంది కనుక కొందరు ఆ నాణేన్ని వేయరు.

మరణవేళ కూడా నాణెం మనిషిని విడువదు. పరలోకానికి పోయే జీవుడు ‘సన్‌జు’ అనే నదిని దాటాలని, అందుకు ఆరు నాణేలు రేవు సుంకంగా చెల్లించాలని వారి విశ్వాసం. పూర్వం మృతునితోపాటు ఆరు నాణేలను ఉంచేవారు. నేడు దహనశాలలలో లోహాన్ని అనుమతించరు కనుక నాణేల బొమ్మలు ముద్రించిన కాగితాన్ని ఉంచుతున్నారు. మన వైతరణీ నదిని తలపించే ఈ భావన గమనింపదగినది.

ఇంతటి చరిత్రగల నాణేనికి ఇప్పుడొక పరీక్ష ఎదురైంది. 2022 జనవరిలో జపాన్ తపాలా బ్యాంకు నాణేల జమపై రుసుము విధించింది. యంత్రంలో ఒక్క నాణెం వేసినా 110 యెన్‌లు చెల్లించవలసి వచ్చింది. అంటే అయిదు యెన్‌లు జమచేయడానికి దానికి ఇరువది రెండింతల ఖర్చు! భక్తులు ప్రేమతో వేసిన చిల్లరే ఆలయాలకు భారమయింది. కొన్ని ఆలయాలు సెల్‌ఫోన్ ద్వారా కానుకలు స్వీకరించసాగాయి. కాని క్యోటో బౌద్ధ సంఘం అంతకుముందే, 2019లో, ఇటువంటి చెల్లింపులను వ్యతిరేకించింది. ఎవరు ఎప్పుడు ఏ ఆలయానికి ఎంత ఇచ్చారన్న వివరాలు ఇతరుల చేతికి చిక్కుతాయని, అది మతస్వేచ్ఛకు భంగకరమని ఆ సంఘం ఆందోళన చెందింది. పెట్టెలో పడిన నాణేనికి దాత పేరు తెలియదు కదా!

వస్తువు మరుగైనా మాట కొంతకాలం బ్రతుకుతుందని ‘సెన్’ చరిత్ర తెలుపుతున్నది. కాని పెట్టెలో నాణెం పడిన చప్పుడు, తాడుకు గుచ్చిన నాణేల వెనుకనున్న నమ్మకం, బంధం కోరి చాచిన చేయి మాటతోపాటు నిలుస్తాయా అన్నది జపనీయుల ముందున్న ప్రశ్న. అయిదు యెన్‌లతో కొనగలిగే వస్తువు నేడు దాదాపు ఏదీ లేదు. అయినా ఆ నాణేన్ని సంచిలో వెతికి తీసి దైవసన్నిధిలో సమర్పించేవారు ఉన్నంతకాలం, నాణెపు విలువ దానిపై చెక్కిన అంకెలో మాత్రమే లేదని ‘జెని’ చాటుతూనే ఉంటుంది.