జీపుకు మార్పులు చేయిస్తున్నారా? గ్యారేజీకి వెళ్లే ముందు ఆర్సీ చూసుకోండి

మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్ ఘాట్ ఎక్కేటప్పుడు పెద్ద టైర్లు, ముందు ఇనుప బంపర్, పైన వరసగా లైట్లు బిగించిన జిమ్నీయో థారో మిమ్మల్ని దాటి వెళ్లే ఉంటుంది. మీరూ అలాంటి బండి కొన్నారనుకుందాం. పుంగనూరు వైపు గుట్టల్లో, కుప్పం చుట్టుపక్కల మట్టి బాటల్లో తిరగాలని ఆశ. ‘ముందు సస్పెన్షన్ లేపిద్దాం, తర్వాత టైర్లు మారుద్దాం’ అని స్నేహితుడి సలహా. గ్యారేజీలో అడిగితే లక్ష పైమాటే అన్నారు.

డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకోండి. ఈ మార్పు మీ బండికి నిజంగా అవసరమా? చట్టం ఒప్పుకొంటుందా? రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ఏమంటుంది?

అసలు మార్పులు అవసరమా?

కొత్తగా నేర్చుకునేవారికి మొదటి ఆరు నెలలు దాదాపు అవసరం లేదు. కారణం కంపెనీ లెక్కల్లోనే ఉంది. 2023 జూన్‌లో మార్కెట్లోకి వచ్చిన ఐదు డోర్ల మారుతీ జిమ్నీకి గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు. 2020 అక్టోబరులో వచ్చిన మూడు డోర్ల మహీంద్రా థార్‌కు 226 మిల్లీమీటర్లు. రెండింటికీ ల్యాడర్ ఫ్రేమ్ ఛాసీ ఉంది. కొండ ఎక్కడానికి, దిగడానికి పనికొచ్చే లో రేంజ్ గేర్ కూడా ఉంది. టమాటా లోడుతో మార్కెట్ యార్డుకు వచ్చే బండ్లు ఏ మార్పులూ లేకుండానే రోజూ పొలం బాటలు దాటుతున్నాయి. డ్రైవర్‌కు ఆ దారి తెలుసు, బండి సంగతీ తెలుసు. అంతే తేడా.

కాబట్టి ముందు నేర్చుకోవాల్సింది 2హెచ్, 4హెచ్, 4ఎల్ ఎప్పుడు వాడాలో. మామూలు తారు రోడ్డు మీద 2హెచ్ చాలు. పొడి తారు మీద 4హెచ్ వేసి మలుపులు తిప్పితే ముందు, వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగలేక గేర్లపై ఒత్తిడి పడుతుంది. వదులు మట్టి, గులక, బురద ఉన్నచోట 4హెచ్. నిటారు ఎక్కుడు, దిగుడు, పెద్ద రాళ్లు ఉన్నచోట 4ఎల్. దిగేటప్పుడు 4ఎల్‌లో మొదటి గేరు వేస్తే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు తొక్కే పని చాలావరకు తగ్గుతుంది.

మొదటి ఖర్చు దేని మీద పెట్టాలి?

టైర్ల మీద. అదీ అదే సైజులో. జిమ్నీకి కంపెనీ ఇచ్చే సైజు 195/80 ఆర్15. ఇదే సైజులో ఆల్ టెర్రైన్ రకం టైర్లు వేయిస్తే రాళ్లమీదా, ఎర్రమట్టిలోనూ పట్టు పెరుగుతుంది. ఆర్సీలో ఏ వివరమూ మారదు. తారు మీద శబ్దం కాస్త పెరుగుతుంది, మైలేజీ కొంత తగ్గుతుంది.

‘ఇంకా పెద్దవి వేద్దాం’ అంటే ఓసారి లెక్క చూడండి. 195/80 ఆర్15 టైరు మొత్తం వ్యాసం 693 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 అయితే సుమారు 733. వ్యాసం 40 మిల్లీమీటర్లు పెరిగినా బండి కింద ఖాళీ పెరిగేది అందులో సగం, అంటే 20 మిల్లీమీటర్లే. మీ బొటనవేలి వెడల్పు. దానికి బదులుగా ఇచ్చేది తక్కువేం కాదు. స్పీడోమీటరు 80 చూపిస్తుంటే నిజానికి దాదాపు 85లో వెళ్తుంటారు. చక్రం బరువెక్కి బ్రేకులకు, స్టీరింగ్‌కు పని పెరుగుతుంది. పికప్ తగ్గుతుంది. మలుపులో టైరు ఫెండర్‌కు రాసుకోవచ్చు. అప్పుడు సస్పెన్షన్ లేపాలంటారు. అది లేపితే స్టీరింగ్ కోణం, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారతాయి, వాటికీ ఖర్చు. ఒక మార్పు ఇంకో నాలుగు మార్పులకు దారి తీయడం అంటే ఇదే.

టైర్ల తర్వాత కొనాల్సినవి బండికి బిగించేవి కావు, డిక్కీలో పెట్టుకునేవి. గాలి కొలిచే గేజీ, 12 వోల్టుల కంప్రెసర్, చిన్న పార, జాకీ కింద వేయడానికి చెక్క పలక, సాగే రికవరీ తాడు, రెండు షాకిల్స్, మందపాటి చేతి తొడుగులు, మంటలార్పే సిలిండర్, ప్రథమ చికిత్స పెట్టె. ఏటి ఇసుకలో దిగేముందు టైర్ల గాలి సుమారు 18 పీఎస్ఐకి తగ్గిస్తే టైరు పరుచుకుని, బండి కూరుకుపోకుండా నడుస్తుంది. మళ్లీ తారు ఎక్కేముందు కంపెనీ చెప్పినంత గాలి తప్పకుండా నింపాలి. తక్కువ గాలితో హైవే మీద వేగంగా వెళ్తే టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. అందుకే కంప్రెసర్ లేకుండా గాలి తీయకండి.

ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు తాడు తెగినా, హుక్ ఊడినా అది తూటాలా వస్తుంది. తాడు మధ్యలో దుప్పటి వేయండి. చుట్టూ ఉన్నవారిని తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబెట్టండి. బంపర్‌కు తాడు కట్టకండి. కంపెనీ ఇచ్చిన టో పాయింట్‌నే వాడండి. ఒంటరిగా వెళ్లకండి, కనీసం రెండు బండ్లు ఉండాలి.

మూడో ఖర్చు బండి అడుగు భాగానికి. ఇంజిన్, ట్రాన్స్‌ఫర్ కేస్, పెట్రోల్ ట్యాంకు కింద బిగించే రక్షణ పలకలు ఈ ప్రాంతపు బండరాళ్ల మీద బాగా పనికొస్తాయి. అయితే ఇవీ బరువే. పైన క్యారియర్, కింద పలకలు, ముందు వించ్ అన్నీ కలిపి వంద కిలోలు దాటితే దాదాపు 1,200 కిలోల జిమ్నీ ప్రవర్తన మారిపోతుంది. టాప్ మీద పెట్టిన బరువైతే పక్క వాలులో బండిని పల్టీ కొట్టించేంత పని చేస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 దీనికి కీలకం. కంపెనీ మొదట పేర్కొన్న వివరాలకు, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. బండి నిర్మాణంలో మార్పు చేసి దాని మౌలిక లక్షణాన్ని మార్చడాన్నే చట్టం ‘ఆల్టరేషన్’ అంటుంది. 2019 జనవరి 9న జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. నిర్మాణ మార్పులకు వీలిచ్చిన కేరళ హైకోర్టు తీర్పును కొట్టేసింది. అదే ఏడాది చట్ట సవరణతో సెక్షన్ 182ఏ వచ్చింది. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి.

మీ ఆర్సీని డిజిలాకర్‌లోనో, ఎంపరివాహన్ యాప్‌లోనో తెరిచి చూడండి. బాడీ రకం, రంగు, ఇంజిన్, ఛాసీ నంబర్లు, ఇంధనం, సీట్లు, ఖాళీ బరువు, వీల్‌బేస్ వంటివి కనిపిస్తాయి. మీరు చేయించబోయే పని వీటిలో దేన్నయినా మారుస్తుందా? అయితే ముందు ఆర్టీవో కార్యాలయం, ఆ తర్వాతే గ్యారేజీ. ఎరుపు బండికి వేరే రంగు వేయించినా ఆర్సీలో రంగు మార్పించుకోవాలి.

సాధారణంగా చిక్కులు తెచ్చేవి ఇవి:

• ఇనుప బుల్ బార్: వీటి వాడకంపై చర్యలు తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. పాదచారికి తగిలితే గాయం పెద్దదవుతుంది. ఢీకొన్నప్పుడు నలిగి దెబ్బను తీసుకోవాల్సిన ముందు భాగం ఆ పని చేయలేదు కాబట్టి లోపలివారికీ నష్టమే.

• అదనపు లైట్లు: కేంద్ర మోటారు వాహనాల నిబంధన 111 ప్రకారం ముందు భాగంలో స్పాట్ లైటు, సెర్చ్ లైటు బిగించకూడదు. ప్రత్యేక పరిస్థితుల్లో రిజిస్ట్రేషన్ అధికారి అనుమతితోనే వీలు. ఘాట్‌లో ఎదుటివారి కళ్లు బైర్లు కమ్మితే లోయ ఎంతో దూరం ఉండదు.

• శబ్దం చేసే సైలెన్సర్: శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే సెక్షన్ 190(2) కింద మొదటిసారే రూ.10,000 వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు ఉండొచ్చు. లైసెన్సుపైనా వేటు పడుతుంది.

• అద్దాలకు నల్ల ఫిల్మ్: 2012లో సుప్రీంకోర్టు దీన్ని నిషేధించింది.

• సస్పెన్షన్ లేపడం, సైజు మించిన టైర్లు, ఇంజిన్ మార్పు: నోటిమాట మీద చేయించకండి. ఆర్టీవో కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోండి.

బీమా సంగతి?

చాలామంది మర్చిపోయేది ఇదే. పాలసీ ఇచ్చేటప్పుడు కంపెనీ లెక్క వేసింది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండికి. మీరు మార్చిన బండి గురించి దానికి తెలియదు. ప్రమాదం తర్వాత సర్వేయర్ వచ్చి చెప్పని మార్పులు చూస్తే సొంత నష్టం క్లెయిమ్ తగ్గొచ్చు, తిరస్కరణకూ గురికావచ్చు. అందుకే ఏ పరికరం బిగించినా బిల్లుతో సహా బీమా కంపెనీకి ఈమెయిల్ చేయండి. అదనపు ప్రీమియం కట్టి పాలసీలో రాయించుకోండి. పోటీలు, రేసుల్లో జరిగే నష్టం మామూలు పాలసీలో రాదు. ఆఫ్‌రోడ్ ఈవెంట్‌కు వెళ్లేముందు మీ పాలసీ షరతులు చదవండి.

పాత జిప్సీ కొంటున్నారా?

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. కర్ణాటక, తమిళనాడు రిజిస్ట్రేషన్‌తో, అప్పటికే మార్పులు చేసిన పాత జిప్సీలు అమ్మకానికి దొరకడం ఇక్కడ వింతేమీ కాదు. పాత యజమాని చేయించిన మార్పులకు రేపు రోడ్డు మీద జవాబు చెప్పాల్సింది మీరే. ఛాసీ, ఇంజిన్ నంబర్లు ఆర్సీతో పోల్చి చూడండి. పక్క రాష్ట్రం బండి అయితే ఫారం 28లో ఎన్ఓసీ తీసుకోండి. బండి 12 నెలలకు మించి ఇక్కడే ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. సొంత వాహన రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఛాసీకి తుప్పు పట్టి, వెల్డింగ్ అతుకులు కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

ఎక్కడ నడపొచ్చు? ఎక్కడ కూడదు?

బండి సిద్ధమైనంత మాత్రాన గుట్ట మీది కాదు. పలమనేరు, కుప్పం వైపున్న కౌండిన్య అభయారణ్యాన్ని ప్రభుత్వం 1990లో ప్రకటించింది. ఏనుగులు తిరిగే అడవి అది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 సెక్షన్ 27, 28 ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు. గూగుల్ మ్యాపులో బాట కనిపించడం అనుమతి కాదు. రాత్రిపూట మీ ఇంజిన్ చప్పుడుకు దారి మళ్లిన గుంపు తెల్లారేసరికి ఏ రైతు చేలోనో ఉంటుంది. నష్టం మీకు కాదు, అతనికి. రిజర్వు ఫారెస్టులోకి వెళ్లాలన్నా అటవీశాఖను అడగాల్సిందే. హార్స్‌లీ హిల్స్ అసలు పేరు ఏనుగుల మల్లమ్మ కొండ. ఆ కొండ మీదికి తారు రోడ్డు ఉంది. రోడ్డు దిగి అడవిలోకి బండి తిప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

పొలాల మధ్య బాట అయితే రైతును అడగండి. గెనిమెలు తొక్కకండి, డ్రిప్ పైపుల మీద ఎక్కించకండి. బండ్ల జాడలో నిలిచిన వాన నీరు చేను కోతకు దారి చేస్తుంది. నేర్చుకోవడానికి అన్నిటికన్నా మంచిది, తెలిసినవారి బీడు భూమిని అడిగి తీసుకోవడం.

వంకల విషయంలో ఇంకా జాగ్రత్త. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ పొడిగా ఉన్న వంక నిమిషాల్లో నిండుతుంది. మదనపల్లె దగ్గర పారే బాహుదా వెళ్లి కలిసేది చెయ్యేరులో. 2021 నవంబరు 19న అదే చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. స్నార్కెల్ ఇంజిన్‌కు గాలి అందిస్తుంది, అంతే. ప్రవాహం బండిని లేపి పక్కకు తోస్తే అది కాపాడదు. నీళ్లు కదులుతుంటే, అడుగు కనిపించకపోతే ఆగండి. గంట ఆలస్యమైనా ఇల్లు చేరతారు.

బయల్దేరే ముందు ఇవి సరిచూసుకోండి

1. ఆర్సీలోని వివరాలు, మీ బండి ఒకేలా ఉన్నాయా?
2. బిగించిన ప్రతి పరికరం బీమా పాలసీలో ఉందా?
3. టైర్ల గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉందా? చట్టం అడిగే కనీసం అది. రాళ్ల దారికి ఇంకా ఎక్కువే కావాలి.
4. వెళ్లే దారి అడవిలోదా, రైతుదా? అనుమతి ఉందా?
5. రెండో బండి వస్తోందా? ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో చెప్పారా?

ఐదింటికీ అవునని జవాబు వస్తే బయల్దేరండి. పుంగనూరు ఆవు గురించి ఆ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. పొట్టిదైనా ఇక్కడి నేలకు, ఇక్కడి ఎండకు సరిపోయిన జాతి. మీ చిన్న బండీ అంతే. దాన్ని పెద్దది చేయడానికి పెట్టే లక్షలో కొంత మంచి టైర్లకు, కొంత సరైన తాడుకు, ఒకరోజు శిక్షణకు పెట్టండి. మిగతాది పెట్రోలుకు ఉంచుకోండి.